తోక తేలిగ్గా, ముక్కు నిండుగా: ఐదో వంతు హరికేన్ కట్టి ఎగరేయడం ఎలా

నా పనిబల్ల మీద రంపం, జిగురు సీసాలు, గుండుసూదుల డబ్బా అన్నీ ఉంటాయి. వాటన్నిటికన్నా ఎక్కువగా నేను వాడేది వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ కాటా. రేడియోతో ఎగరేసే పెద్ద యుద్ధవిమానం మోడల్ కట్టాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగినవాళ్లకు ముందు ఆ కాటా కొనుక్కోమంటాను. ఇంజిన్, రేడియో తర్వాత చూసుకోవచ్చు. మీ విమానం హాయిగా ఎగురుతుందా, ప్రతి ల్యాండింగ్‌కీ గుండె దడ పుట్టిస్తుందా అన్నది చాలావరకు ఆ కాటా మీదే తేలిపోతుంది.

పెద్దది అంటే ఎంత? అమెరికాలో ఈ హాబీలో ఉన్నవాళ్ల లెక్కలో, ఒకే వరస రెక్కలున్న విమానమైతే ఈ కొస నుంచి ఆ కొసకు కనీసం 80 అంగుళాలు ఉండాలి. రెండంతస్తుల రెక్కలదైతే 60 అంగుళాలు చాలు. అసలు విమానంలో సరిగ్గా నాలుగో వంతున్నా సరే. దీన్నే జయంట్ స్కేల్ అంటారు. ఇక్కడ నేను చెప్పబోయేది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం హాకర్ హరికేన్, ఐదో వంతు. అసలు దాని రెక్కల పొడవు 40 అడుగులు, కాబట్టి మనది 8 అడుగులు. పొడవు దాదాపు 2 మీటర్లు. రెక్కలు విడదీయకుండా కారులో పట్టదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది మీ మొదటి విమానం కాకూడదు, రెండోది కూడా కాకూడదు. ముందు రెక్క బాడీ పైన ఉండే హైవింగ్ ట్రైనర్, తర్వాత రెక్క బాడీ అడుగున ఉండే స్పోర్ట్ విమానం, ఆ తర్వాత మీటరున్నర రెక్కలున్న చిన్న వార్‌బర్డ్, అంటే యుద్ధవిమానం మోడల్. తోకచక్రం ఉన్న విమానాన్ని ఎదురుగాలిలోనూ పక్కగాలిలోనూ తడుముకోకుండా దించగలిగే చేయి వచ్చాక దీనికి రండి.

హరికేనే ఎందుకు

అందరి చూపూ ఆ కాలపు ఇంకో బ్రిటిష్ విమానం స్పిట్‌ఫైర్ మీదే ఉంటుంది. అందం దానిదే, కాదనను. కానీ దాని చక్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, రెక్క పలచన. గడ్డి మీద దించేటప్పుడు పక్కకు ఒరిగి రెక్క కొస నేలకు రాసుకోవడం మామూలే. హరికేన్ చక్రాలు ఎడంగా ఉండి, లోపలికి ముడుచుకుంటాయి. రెక్క మందం, స్టాల్ (రెక్క పైకెత్తే బలం కోల్పోవడం) కొంచెం మెల్లగా వస్తుంది. అన్నిటికన్నా పెద్ద లాభం, కాక్‌పిట్ వెనక అసలు విమానమే చెక్క బద్దల మీద బిగించిన గుడ్డ. 1935లో సిడ్నీ కామ్ డిజైన్ గాల్లోకి లేచినప్పుడే అది అలా ఉంది. అంటే మనం తోక తేలిగ్గా కడితే అసలుకు దగ్గరగానూ ఉంటుంది.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. మా ముత్తాత రంగూన్ రేవులో కూలి. జపాన్ బాంబులు పడ్డాక 1942లో కాలినడకన బయల్దేరిన వేలాది తెలుగువాళ్లలో ఆయన ఒకరు. ఆ తర్వాత రెండేళ్లకు, అదే బర్మా సరిహద్దులో, ఇంఫాల్ నుంచి భారత వైమానిక దళం ఒకటో స్క్వాడ్రన్ హరికేన్లు నడిపింది. నాయకుడు అర్జన్ సింగ్. నా మోడల్‌కు వేసింది ఆ రంగులే.

చట్టం, స్థలం

ఇండియాలో ఉంటే 2021 డ్రోన్ రూల్స్ చదవండి. సరదా కోసం, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే, 25 కిలోలు మించని విమానాలను అవి మోడల్‌గా విడిగా గుర్తిస్తాయి. వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ గాలి ఎవరిదన్నది వేరే విషయం. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మైదానం ఏ జోన్‌లో ఉందో చూడండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు, ఎయిర్‌పోర్ట్ సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యయితే 200 అడుగుల వరకే. హైదరాబాద్ వాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి: శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్, నాలుగు దిక్కులా రన్‌వేలే. అమెరికాలో ఉంటే ఎఫ్ఏఏ రిజిస్ట్రేషన్, ట్రస్ట్ పరీక్ష, రిమోట్ ఐడీ లేదా దాని మినహాయింపు ఉన్న క్లబ్ మైదానం. అక్కడా బరువు పరిమితి 55 పౌండ్లే, అంటే దాదాపు 25 కిలోలు. ఎక్కడున్నా ఒంటరిగా పొలంలో ఎగరేయకండి. క్లబ్‌లో చేరండి, ఇన్సూరెన్స్ తీసుకోండి. పన్నెండు కిలోల విమానం మనిషికి తగిలితే ఏమవుతుందో ఊహించుకుంటే చాలు.

బరువు బడ్జెట్ రాసుకోండి

అసలు హరికేన్ నిండుగా ఉన్నప్పుడు సుమారు 3,500 కిలోలు. ఐదో వంతు చేస్తే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి బరువు 125వ వంతు, అంటే 28 కిలోలు. మనకు అది వద్దు, చట్టానికీ వద్దు. రెక్క వైశాల్యం మాత్రం 25వ వంతుకే తగ్గుతుంది, దాదాపు 0.96 చదరపు మీటరు. 12 కిలోలకు కడితే ఒక్కో చదరపు డెసిమీటరు 125 గ్రాములు మోస్తుంది. ఆ బరువులో వార్‌బర్డ్ బుద్ధిగా ఉంటుంది. 14 దాటితే ల్యాండింగ్ స్పీడ్ పెరిగిపోతుంది. అందుకే ఒక నోట్‌బుక్‌లో రెక్కలు, బాడీ, తోక, ఇంజిన్, గేర్, రేడియో, రంగు అని గళ్లు గీసి, ఒక్కోదానికి ఇంత అని ముందే రాసుకోండి. ఏ భాగం పూర్తయినా కాటా మీద పెట్టి అంకె వేయండి.

మోడళ్లకు వాడే తేలిక చెక్క బాల్సా కొనగానే చేయాల్సిన పని ఇది. 3 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న షీట్ ఒకటి 30 గ్రాములుంటుంది, పక్కనే అలాంటిదే ఇంకోటి 60 ఉంటుంది. చూడ్డానికి తేడా తెలీదు. ప్రతి షీట్‌నూ తూచి, బరువు పెన్సిల్‌తో దాని మీదే రాయండి. తేలికవి తోకకు, మధ్యరకం రెక్క పైపొరకు, బరువైనవి ముక్కు వైపు.

తోకతో మొదలుపెట్టండి

చాలామంది రెక్కతో మొదలుపెడతారు. నేను తోకతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఉత్సాహం, మంచి చెక్క రెండూ అప్పుడే నిండుగా ఉంటాయి. హరికేన్‌లో సీజీ (విమానం బరువు సరిగ్గా తూగే చోటు) నుంచి తోకకు ఉన్న దూరం, ముక్కులో సీసం పెట్టే చోటుకున్న దూరానికి సుమారు మూడింతలు. తోకలో 100 గ్రాములు ఎక్కువైతే ముక్కులో 300 గ్రాముల సీసం పెట్టాలి. ఎగరడానికి పనికిరాని బరువు 400 గ్రాములు. తోకలో వాడే జిగురు చుక్కను కూడా అందుకే లెక్కపెట్టాలి. ఎపాక్సీ కాకుండా తెల్ల జిగురు వాడండి, కారినది ఆరకముందే తుడిచేయండి. తోకచక్రం బిగించే చోట మాత్రం ప్లైవుడ్ తప్పదు.

రెక్క

రెక్క కట్టే బల్ల పలక సమానంగా ఉండాలి. నేను వాడేది పాత ఫ్లష్ డోర్, నాలుగు మూలలా లెవెల్ చూసి అట్టముక్కలతో సరిచేసుకున్నది. స్పార్, అంటే రెక్క పొడవునా సాగే దూలం, పైనా కిందా గట్టి చెక్క, ఆ రెంటినీ కలుపుతూ మధ్యలో నిలువు చెక్క, అంటే షియర్ వెబ్, తప్పకుండా పెట్టాలి. రెక్క విరగకుండా కాపాడేది ఎక్కువగా ఆ వెబ్‌లే.

వాషౌట్ మర్చిపోవద్దు. రెక్క కొస, మొదలుకన్నా 2 డిగ్రీలు కిందికి చూడాలి. అప్పుడు స్టాల్ మొదట మొదలు దగ్గర వస్తుంది, కొసలో ఉండి విమానాన్ని పక్కకు వాల్చే ఏలరాన్ చివరిదాకా పనిచేస్తుంది. మన రెక్క కొస వెడల్పు 24 సెంటీమీటర్లు కాబట్టి, అక్కడ వెనక అంచు కింద 8 మిల్లీమీటర్ల చెక్క పెట్టి పైపొర అతికిస్తే 2 డిగ్రీలు వస్తాయి. రెండు రెక్కలకూ ఒకే చెక్కముక్క వాడండి. ఎడమ 2, కుడి ఒకటిన్నర అయితే విమానం జీవితాంతం ఒక వైపుకే లాగుతుంది.

ల్యాండింగ్ గేర్ బిగించే 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక ఒక్క రిబ్‌కు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డపలక) అతికిస్తే సరిపోదు. రెండు స్పార్‌లనూ పట్టుకుని ఉండాలి. ఇక్కడ ముప్పై నిమిషాల ఎపాక్సీ వాడండి, అయిదు నిమిషాలది కాదు. గాలితో పనిచేసే గేర్ అయితే బిగించే ముందు ట్యూబులకు 100 పీఎస్ఐ ఎక్కించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకు ముల్లు పడిపోయి ఉంటే ఆ లీక్ ఇప్పుడే పట్టుకోవాలి, రెక్క మూసేశాక కాదు.

బాడీ, దాని మీద గుడ్డ

ఈ పని నాకు అన్నిటికన్నా ఇష్టం. ఫార్మర్లు, అంటే బాడీకి ఆకారమిచ్చే అడ్డపలకలు, నిలబెట్టాక, వాటి గాట్లలో కాక్‌పిట్ నుంచి తోకదాకా సన్నటి బద్దలు ఒక్కొక్కటే పరుస్తాం. ఎడమ ఒకటి, కుడి ఒకటి, అలా మార్చి మార్చి. ఒకే వైపు నాలుగు వరసగా అతికిస్తే బాడీ అరటిపండులా వంగుతుంది. బద్ద ఫార్మర్‌కు అతికాక, రెండు బద్దల మధ్య ఉప్పుకాగితంతో ఫార్మర్ అంచును ఒక మిల్లీమీటరు లోపలికి అరగదీయండి. లేకపోతే గుడ్డ బిగిశాక బద్దల మీద కాకుండా ఫార్మర్ల మీద ఆని, బక్క ఆవు పక్కటెముకల్లా కనిపిస్తుంది. గుడ్డ వేడికి ముడుచుకునే రకం. ఇస్త్రీపెట్టె తక్కువ వేడి మీద పెట్టి అంచులు అతికించి, తర్వాత వేడి పెంచి మెల్లగా లాగాలి. బిగిశాక వేలితో కొడితే చిన్న డోలు మోగినట్టు మోగుతుంది. ఆ చప్పుడు వినగానే ఎన్ని నెలల అలసటైనా పోతుంది.

రెక్క చెక్కపొర మీద సన్నటి గ్లాస్ క్లాత్, రెసిన్. క్లాత్ నేత కనిపించేంత మాత్రమే రెసిన్ ఉండాలి, మిగతాది పాత ఏటీఎం కార్డుతో గీకేయండి.

రంగులు: పైన ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు, కింద బూడిదరంగు. రౌండెల్‌లో, అంటే విమానం మీది గుండ్రటి గుర్తులో, ఎరుపు ఉండకూడదు. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడితో పొరబడి మనవాళ్లే కాల్చకుండా ఆ యుద్ధరంగంలో ఎరుపు తీసేసి ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. ఎరుపు వేసిన ఇంఫాల్ హరికేన్ చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. రంగు పలచగా రెండు కోట్లు చాలు. రంగుకూ బరువుంటుంది, అదీ నోట్‌బుక్‌లో రాయండి.

ఇంజిన్, రేడియో

55 నుంచి 60 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఈ బరువుకు సరిపోతుంది. 55 సీసీకి 22 అంగుళాల రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్. అసలు విమానానికి మూడు బ్లేడ్లు కదా అంటారు. నిలబెట్టి చూపించేటప్పుడు మూడు బిగించండి, మొదటి ఫ్లైట్లకు రెండే. పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలో ఇంజిన్ పుస్తకంలో ఉన్నదే పాటించండి. ముక్కులో గాలి లోపలికి వచ్చే దారికన్నా బయటికి పోయే దారి రెట్టింపు పెద్దదిగా ఉండాలి. లేకపోతే హైదరాబాద్ మే నెలలోనే కాదు, టెక్సాస్ అక్టోబర్‌లో కూడా ఇంజిన్ వేడెక్కి గాల్లోనే ఆగిపోతుంది.

ఇగ్నిషన్ డబ్బా, దాని బ్యాటరీ ముక్కులో. రిసీవర్ దానికి వీలైనంత దూరంగా వెనక. రిసీవర్‌కు రెండు బ్యాటరీలు, రెండు స్విచ్‌లు. ముక్కును పైకీ కిందికీ తిప్పే తోకపలక ఎలివేటర్ రెండు ముక్కలకూ విడివిడిగా సర్వోలు (వాటిని కదిలించే చిన్న మోటార్లు). ఒకటి పోయినా ఇంకోదానితో దించుకోవచ్చు. ప్రతి ఎక్స్‌టెన్షన్ వైరు కనెక్టర్‌కూ క్లిప్ గానీ దారం ముడి గానీ వేయండి. సిగ్నల్ తెగితే పనిచేసే ఫెయిల్‌సేఫ్‌లో థ్రాటిల్ పూర్తిగా తగ్గేలా పెట్టి, నేల మీద ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. ఇగ్నిషన్‌ను ట్రాన్స్‌మిటర్ నుంచే ఆపే స్విచ్ తప్పనిసరి.

సీజీ

ప్లాన్ మీద గుర్తుంటే అదే నమ్మండి. లేకపోతే సగటు కార్డ్ (రెక్క ముందంచు నుంచి వెనక అంచుకు ఉన్న వెడల్పు) లెక్కకట్టి, దాని ముందంచు నుంచి 25 శాతం దగ్గర పెట్టండి. సాగుతూ సన్నబడే రెక్క మొదలు 50 సెంటీమీటర్లు, కొస 25 అయితే సగటు కార్డ్ 39 దగ్గర వస్తుంది, 25 శాతం అంటే ముందంచు నుంచి దాదాపు 9.7 సెంటీమీటర్లు. హరికేన్ మధ్యభాగం సన్నబడదు, బయటి రెక్కలే సన్నబడతాయి, కాబట్టి రెండింటినీ విడిగా లెక్కేసి వైశాల్యం ప్రకారం కలపాలి. ట్యాంక్ ఖాళీగా, చక్రాలు దించి, ఇద్దరు వేళ్ల మీద లేపి చూడండి. ముక్కు కొంచెం కిందికి వాలాలి. ముక్కు బరువైన విమానం బద్ధకంగా ఎగురుతుంది, తోక బరువైనది ఒక్కసారే ఎగురుతుంది.

మొదటి రోజు

గాలి తక్కువున్న పొద్దుటిపూట ఎంచుకోండి. ఒక్కరే వెళ్లొద్దు. నాకు ఆ రోజు సాయం వచ్చింది మా క్లబ్‌లో ఉండే తెనాలి పెద్దాయన, నేను బాబాయ్ అంటాను.

"రేంజ్ చూశావా?"

"చూశాను బాబాయ్, నిన్న సాయంత్రం."

"నిన్నటిది నిన్నటికి. ఇంజిన్ తిరుగుతుండగా ఇప్పుడు చూడు."

ఆయన చెప్పింది నిజం. ఇంజిన్ ఆపి చేసిన రేంజ్ చెక్‌లో, అంటే సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూసే పరీక్షలో, ఇగ్నిషన్ రొద కనిపించదు. విమానాన్ని తాడుతో నేలకు కట్టి, ఇంజిన్ నడుపుతూ, ట్రాన్స్‌మిటర్‌ను రేంజ్ మోడ్‌లో పెట్టి, పుస్తకంలో చెప్పిన దూరం నడిచి వెళ్లండి. అన్ని సర్వోలూ స్థిరంగా ఉండాలి. ప్రొపెల్లర్‌కు ఎదురుగా గానీ పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు. కార్బురేటర్ సర్దాలంటే వెనక నుంచే. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి.

తర్వాత స్టిక్ కుడికి తిప్పి, కుడి ఏలరాన్ పైకి లేస్తోందని పైకి చదువుతూ చూడండి. మనసులో అనుకుంటే చాలదు. ఏలరాన్ తిరగబడి ఉన్న విమానాలు ప్రతి ఏడాదీ కూలుతూనే ఉన్నాయి.

టేకాఫ్‌కు గాలికి ఎదురుగా పెట్టి, ఎలివేటర్ కొంచెం పైకి పట్టి, థ్రాటిల్‌ను అయిదు సెకన్ల పాటు మెల్లగా పెంచండి. విమానం ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్‌తో (తోకలోని నిలువు పలకతో) పట్టుకోండి. తోక లేచాక ఎలివేటర్ వదిలేసి అది వేగం పుంజుకోనివ్వండి. లేపాలని లాగొద్దు, అది తనంతట తానే లేస్తుంది. చక్రాలు నేల వదిలాక వంద మీటర్ల దాకా తిన్నగా వెళ్లి, తర్వాతే మెల్లగా తిప్పండి.

పైన, మీకు అనుమతి ఉన్న ఎత్తులో, స్టిక్ వదిలినా తిన్నగా ఎగిరేలా ట్రిమ్ సరిచేయండి. వెంటనే చక్రాలు ముడవక్కర్లేదు. థ్రాటిల్ తగ్గించి, ఎలివేటర్ మెల్లగా లాగి, ఏ వేగం దగ్గర ముక్కు జారుతోందో, ఏ రెక్క ముందు పడుతోందో రెండు మూడుసార్లు చూడండి. మొదటి ఫ్లైట్ మీకు నేర్పేది ముఖ్యంగా ఇదే. ఫ్లాప్స్ (మెల్లగా దిగడానికి రెక్క వెనక దించే పలకలు) సగం దించి మళ్లీ చూడండి. అయిదు నిమిషాలు చాలు.

దించడం

నా మొదటి పెద్ద విమానం మస్టాంగ్, అదీ యుద్ధవిమానం మోడలే. రెండు నెలల్లో పోయింది. పక్కగాలి ఉంది, చివరి మలుపు తక్కువ ఎత్తులో తిప్పాను, రన్‌వే దాటి పోతుందని ఎలివేటర్ లాగాను. ఎడమ రెక్క ఒక్కసారి కిందికి పడింది. రెండో ఆలోచన వచ్చేసరికి గడ్డిలో పెట్రోల్ వాసన. విరిగిన రెక్క తెచ్చి తూచాను. ఆ రెక్క బరువు అనుకున్నదానికన్నా 180 గ్రాములు ఎక్కువ. కట్టేటప్పుడు ఒక్కసారీ తూచలేదు.

అందుకే చివరి మలుపు ఎత్తులోనే పూర్తిచేయండి, పవర్ పూర్తిగా తీసేయకండి. మలుపులో ఎలివేటర్‌తో బలవంతంగా తిప్పొద్దు. రన్‌వేకు ఎదురుగా వచ్చాక ఫ్లాప్స్ సగం, థ్రాటిల్ పావు దగ్గర, ముక్కు కొంచెం కిందికి. ఎత్తును థ్రాటిల్‌తో, వేగాన్ని ఎలివేటర్‌తో చూసుకోండి. నేల దగ్గర ముందు చక్రాల మీద ఆననివ్వండి, తోక తర్వాత అదే దిగుతుంది. వంకర అనిపిస్తే సందేహించకుండా థ్రాటిల్ పెంచి మళ్లీ తిరగండి. పెట్రోల్ ఇంకా ఉంటుంది, అయిదు నిమిషాలకే దించమన్నది అందుకే.

ఇంజిన్ గాల్లో ఆగిపోతే వెంటనే ముక్కు దించండి, చక్రాలు దించడం తర్వాత సంగతి. వెనక్కి తిరిగి రన్‌వే మీదికే రావాలని పట్టుబట్టొద్దు. ఎదురుగా ఖాళీ గడ్డి ఉంటే అక్కడే దించండి.

దిగాక ఇగ్నిషన్ ఆపి, హ్యాచ్ తెరవండి. రెండు బ్యాటరీల వోల్టేజ్, గేర్ గాలి ప్రెజర్, ఇంజిన్ బోల్టులు, ప్రతి కనెక్టర్ క్లిప్ చేత్తో ముట్టుకుని చూడండి. గేర్ పలక దగ్గర బాల్సాలో సన్నటి చీలిక ఉందేమో టార్చ్‌తో చూడండి. ఏదైనా వదులైతే ఆ రోజుకు ఇంటికి వెళ్లిపోండి. అన్నీ బాగుంటే ట్యాంక్ నింపి, రెండో ఫ్లైట్‌లో చక్రాలు ముడవండి. చక్రాలు లోపలికి వెళ్లాక హరికేన్ రన్‌వే మీదుగా తక్కువలో వెళ్తుంటే, కింద ఉన్న లేత నీలం, ముదురు నీలం గుండ్రాలు కనిపిస్తాయి.